గుండు బలమే రక్ష యను వాదము

కృష్ణా తుంగభద్రల నడుమ వ్యాపించియున్న మా నడిగడ్డయందు, గద్వాలనుండి రాయచూరు పోవు త్రోవలోని ధరూరు మొదలుకొని గట్టు, మల్దకల్, అయిజల వఱకును, విత్తనపత్తి వ్యాపారమువలననో, గుత్తపనులవలననో, భూముల క్రయవిక్రయములవలననో చేతిలో రొక్కమాడుచు, ఆ రొక్కముతోపాటు భయమును పెంచుకొని, ప్రభుత్వానుమతితో నడుమున చిన్న పిస్తోలు ధరించి తిరుగువారు కొందఱు కలరు. వీరు నలుగురు కూడిన తావున తఱచుగా వినవచ్చు సిద్ధాంతమొకటి యున్నది. మన దేశమున పౌరులకు దొరకు .32 బోరు తుపాకి బలహీనమనియు, ప్రభుత్వ కర్మాగారపు నున్నని గుండు మనిషిలో సన్నని రంధ్రము చేసి పోవునే కాని వానిని నిలువరింపజాలదనియు, ముక్కున గుంటగలిగి దేహమున జొచ్చినతోడనే వెడల్పుగా విచ్చుకొను విదేశపు తూటాలను ఏ దారినైనను తెప్పించి నింపుకొన్నవాడే నిజముగా రక్షితుడనియు ఆ సిద్ధాంతము. “ఈ పాయింట్ త్రీ టూ పిట్టల్ని కొట్టెటందుకే పనికొస్తది సారూ, మనిషికి పారదు” అని ధరూరు మండలమునకు చెందిన విత్తనపత్తి ఆర్గనైజరొకడు నాతో నిస్సందేహముగా పలికిన మాటయందు అదంతయు సంగ్రహముగా ఇమిడియున్నది. ఈ వాదము శాస్త్రమునకును, చరిత్రకును, చట్టమునకును, అన్నిటికంటె ముఖ్యముగా ఆ పిస్తోలు ధరించినవాని ప్రాణమునకే విరుద్ధమని నా దృఢాభిప్రాయము.

మొదట వస్తువేదో తెలిసికొనవలెను. 9 మిల్లీమీటర్ల తూటా, .38, .455 మొదలైనవి మన దేశమున నిషిద్ధ బోరులుగా పరిగణింపబడి సైన్యమునకును పోలీసులకును మాత్రమే ప్రత్యేకింపబడుటచేతను, 1980ల నడుమనుండి విదేశపు తుపాకుల దిగుమతి సామాన్య పౌరునకు మూయబడుటచేతను, లైసెన్సు పొందినవాడు కొనదగిన చేతితుపాకులలో ప్రధానమైనది .32 బోరుదే అయినది. అందులోను రెండు జాతులు కలవు. ‘అశని’ యను పిస్తోలునకు పట్టునది 7.65 × 17 మిల్లీమీటర్ల తూటా. కాన్పూరు రివాల్వరునకు పట్టునది 7.65 × 23 మిల్లీమీటర్ల తూటా. పేరున రెండును .32 బోరువే అయినను ఒకదానిది మఱియొకదానికి పనికిరాదు. ఈ భేదమైనను ఎఱుగక, తుపాకి నడుమున దోపుకొని ‘తూటా బలము’ను గూర్చి ప్రసంగించువారిని నేను చూచితిని. పిస్తోలు తూటాను రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు అను అమెరికా శిల్పి. అది బెల్జియము కర్మాగారపు పిస్తోలుతో 1899లో లోకమునకు వచ్చినది. దాని గుండు రాగిపొర తొడిగిన సీసము. బరువు 71 గ్రెయినులు, అనగా నాలుగున్నర గ్రాములకు మించి రవంత. వేగము సెకనుకు సుమారు 275 మీటర్లు. శక్తి సుమారు 170 జౌళ్లు. సైన్యము వాడు 9 మిల్లీమీటర్ల తూటాకు ఇందుకు దాదాపు మూడురెట్ల శక్తి యుండును. ఈ అంకెలను నేను కాదనుటలేదు. .32 చిన్న తూటాయే. అయితే చిన్నదగుటనుండి ఆ వాదులు తీయు ఫలితార్థము మాత్రము పూర్తిగా తప్పు.

ఆ వాదమునకు పునాది వెండితెర. నాయకుడు పేల్చిన గుండు తగులగానే దుష్టుడు పదియడుగులు వెనుకకు ఎగిరి గోడకు కొట్టుకొని పడుటను బాల్యమునుండి చూచిన కన్నులకు, తుపాకి మనిషిని పడద్రోయు యంత్రమను నమ్మకము కలుగుట సహజము. అయితే నాలుగున్నర గ్రాముల లోహము సెకనుకు 275 మీటర్ల వేగముతో వచ్చి డెబ్బది కిలోల మనిషియందు నిలిచిపోయినచో, ఆ మనిషికి కలుగు వేగము సెకనుకు రెండు సెంటీమీటర్లకు లోపే యని పాఠశాలలో చదివిన ద్రవ్యవేగసూత్రముచే ఎవడైనను గుణించి చూచుకొనవచ్చును. తూటాను మార్చి 9 మిల్లీమీటర్లది వేసినను అది అయిదు సెంటీమీటర్లను దాటదు. ఎదుటివానిని ఎగురవేయునంతటి తోపు నిజముగా గుండులో ఉన్నచో, అంతే తోపు పేల్చినవాని చేతిని, భుజమును వెనుకకు విసరివేయవలెను. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉండకతప్పదు కదా. చేతపట్టి పేల్చదగిన ఏ తుపాకియు మనిషిని పడద్రోయదు. అది చేయునది గాయము. ఆ గాయము ఎక్కడ తగిలినదో, ఎంత లోతునకు పోయినదో అను దానినిబట్టియే ఫలితము.

ఇచట మఱియొక విభజన అవసరము: చంపుట వేఱు, ఆపుట వేఱు. చిన్న తూటా చంపలేదనువారు 1948 జనవరి 30వ తేదీని మఱచియున్నారు. ఆనాడు బిర్లాభవనమున మహాత్ముని హరించినది జేబులో ఇముడునంతటి బెరెట్టా పిస్తోలు, మూడు గుండ్లు. కాని ఆత్మరక్షణ కోరువానికి కావలసినది ఎదుటివాడు గంటకో, మఱునాటికో ఆసుపత్రిలో మరణించుట కాదు. ఆ క్షణముననే, ఎత్తిన కత్తి దిగకముందే నిలిచిపోవుట. మెదడునో వెన్నుపాము పైభాగమునో తాకినప్పుడు దక్క ఏ చేతితుపాకి గుండును ఈ పనిని నిశ్చయముగా చేయలేదు. గుండెకే దెబ్బ తగిలినను మెదడులో మిగిలియున్న ప్రాణవాయువుతో మనిషి పది పదునైదు సెకనులు చేయదలచినది చేయగలడు. పదునైదు సెకనులలో కొడవలి ఎన్నిమార్లు లేచి దిగునో ఎవరికి వారు ఊహించుకొనవలెను. ఈ సత్యము చేదైనది. దీనిని మ్రింగలేకయే మనుష్యులు గుండుముక్కులోని గుంటను ఆశ్రయింతురు.

ఆ ఆశ్రయము నేటిది కాదు. అది ప్రసిద్ధికెక్కినది మన దేశముననే. 1895లో చిత్రాలు దండయాత్రలో బ్రిటిషు సైనికులు తమ క్రొత్త .303 తుపాకుల సన్నని గుండ్లు తగిలినను కొండజాతివారు ఆగక మీదికి వచ్చుచున్నారని మొఱపెట్టుకొనగా, కలకత్తా సమీపమున డమ్ డమ్ ఆయుధశాల అధికారి కెప్టెన్ బెర్టీ క్లే గుండు కొనమీది పొరను తొలగించి, లోపలి సీసము బయల్పడునట్లు చేసి, దేహమున విచ్చుకొను గుండును తయారుచేసెను. ఆ ఊరి పేరే లోకమంతట ఆ గుండుకు పేరైనది. 1899లో హేగ్ నగరమున సమావేశమైన రాజ్యములు యుద్ధమున అట్టి గుండును వాడరాదని ప్రకటన చేసినవి. అదే సంవత్సరమున మన .32 తూటా పుట్టినది. తరువాత అమెరికా సైన్యము ఫిలిప్పీనులలో మోరోలతో పోరి, .38 రివాల్వరులు వారిని ఆపలేకపోయినవని విసిగి, 1904లో థామ్సన్, లగార్డ్ అను ఇరువురు అధికారులచే పశువులమీదను శవములమీదను పరీక్షలు చేయించి, పెద్ద గుండే మేలని .45 వైపు మొగ్గినది. ప్రతి తరమును ఓటమికి కారణమును గుండునందే వెదకినది.

ఇట్టి కథలలో నేటి వాదులు తమ పక్షమున తప్పక ఉదాహరించునది 1986 ఏప్రిల్ 11వ తేదీ మయామి సంఘటన. దానిని పూర్తిగా చెప్పుకొనుట మంచిది. ఎనిమిదిమంది ఎఫ్.బి.ఐ. అధికారులు ఇరువురు బ్యాంకుదొంగలను వీధిలో అడ్డగించిరి. పోరు ఆరంభమైన కొంతసేపటికే ఆ దొంగలలో ఒకనికి 9 మిల్లీమీటర్ల విచ్చుకొను గుండు తగిలి, బాహువును చీల్చి, రొమ్ములోనికి జొచ్చి, గుండెకు ఒక అంగుళము దూరమున ఆగిపోయినది. గాయము మరణాంతకమే, అయినను వాడు నిమిషములతరబడి పోరాడెను. ఇరువురు అధికారులు మరణించిరి, అయిదుగురు గాయపడిరి. సంస్థ నేరమును తూటామీద మోపినది. మఱింత బలమైన 10 మిల్లీమీటర్ల తూటాను చేపట్టి, దాని తాకిడికి చేతులు తాళకపోగా, 1990లో పుట్టిన .40 తూటాకు దిగి, ఆ తరువాత దాదాపు రెండు దశాబ్దములు దానితో గడపి, తుదకు 2010ల నడుమ తాను వదలిన 9 మిల్లీమీటర్లకే మరల వచ్చినది. ఏలయనగా, తక్కువ తాకిడి గల తూటాతో అధికారులు త్వరితముగను గుఱిగను ఎక్కువ గుండ్లు తగిలింపగలుగుచున్నారని దానికి అనుభవమున తేలినది. ఆ 9 మిల్లీమీటర్ల గుండ్లును ముక్కున గుంటగలవియే యను సంగతిని నేను దాచను. కాని మయామినుండి ఆ సంస్థ నేర్చుకొన్న మొదటి పాఠము విచ్చుకొనుట కాదు, లోతు. పరీక్షకై వాడు జిలటిన్ దిమ్మలో గుండు 12 అంగుళములకు తక్కువ కాకుండ, 18 అంగుళములకు మించకుండ పోవలెనని నియమించుకొన్నది. ముందు లోతు, అది తీరిన పిమ్మటనే వెడల్పు.

ఇపుడు మన చిన్న పిస్తోలునకు వత్తము. గుండు విచ్చుకొనుటకు శక్తి వ్యయమగును. ఆ వ్యయము లోతునుండియే తీయబడును. 9 మిల్లీమీటర్ల తూటాకు ఆ వ్యయమును భరించు తాహతు కలదు, 170 జౌళ్ల .32కు లేదు. నడుమున దాచుటకై పిస్తోలు గొట్టమును కుఱుచ చేసినకొలది మందు పూర్తిగా పనిచేయుటకు ముందే గుండు బయటపడి, ఉన్న వేగమును తగ్గును. అట్టి గుండు విచ్చుకొన్నచో కావలసిన లోతునకు చాలక ఆగును; దళసరి బట్ట ముక్కున గ్రుక్కుకొని విచ్చుకొనకపోయినచో, నున్నని గుండు చేయు పనినే చేయును. మొదటి పక్షమున నష్టము, రెండవ పక్షమున వృథా. నున్నని రాగిపొర గుండు మాత్రము, ఆ కొంచెపు శక్తినంతయు లోతునకే వినియోగించి చేరవలసినచోటికి చేరును. ఆర్గనైజరు తూలనాడిన గుండే ఆ తుపాకికి తగిన గుండు.

ఇంతకంటె సూక్ష్మమైన దోషమొకటి కలదు. .32 పిస్తోలు తూటా అడుగు అంచు దాని ఇత్తడి గొట్టముకంటె రవంత వెలుపలికి పొడుచుకొనియుండును. మ్యాగజీనులో తూటాలు ఒకదానిపై ఒకటి అమరునపుడు, పైదాని అంచు క్రిందిదాని అంచునకు ముందే ఉండవలెను. నున్నని గుండుగల తూటా తగినంత పొడవుండుటచే మ్యాగజీనులో ముందు వెనుకలకు జరుగుటకు చోటుండదు. అంచులు తమ క్రమమును తప్పవు. ముక్కు కత్తిరించినట్లుండు గుంటగుండు తూటా పొట్టిది. అది నడకలో, ప్రయాణములో, లేదా పేలుడు అదరులో వెనుకకు జరిగి, పైదాని అంచు క్రిందిదాని అంచు వెనుక చిక్కుకొన్నచో, రెండవ తూటా గదిలోనికి ఎక్కదు. మొదటి గుండు పేలిన పిమ్మట పిస్తోలు ఇనుపముద్దయై చేతిలో మిగులును. ఆ చిక్కు మామూలు మొరాయింపువంటిది కాదు. స్లయిడు లాగినంతమాత్రమున విడిపోదు. మ్యాగజీను ఊడదీసి, సన్నని పుల్లతోనో చాకుమొనతోనో విప్పవలసియుండును. ప్రాణాపాయ సమయమున ఎవనికి ఆ తీరిక?

తూటా యెంపికయందు మొదటి ప్రశ్న బలము కాదు, నమ్మకము. గుఱ్ఱము పడినప్పుడెల్ల పేలునా? పేలినప్పుడెల్ల తరువాతిది ఎక్కునా? ఈ రెండింటికి తన తుపాకిలోనే, తన చేతిలోనే సమాధానము చూడనివాడు ఏ దేశపు తూటాను నింపినను ఒకటే. పైన చెప్పిన ఆర్గనైజరు, నా కోరికపై, తన పిస్తోలును ఖాళీచేసి, మ్యాగజీనులోని తూటాలను బల్లమీద వరుసగా నిలిపెను. లైసెన్సు చేతికివచ్చిన తొలినాళ్లలో నింపినవే అవి. ధరూరు ఎండలలో చెమటతో తడిసి ఎండిన తోలు ఒరలో ఏండ్లు గడపుటచే ఇత్తడి అడుగున పచ్చని చిలుము కట్టినది. ఒకదానికి క్యాప్ చుట్టును కూడ. ప్రతిరాత్రి పైతూటాను తీసి, ప్రతి ఉదయము దానినే మరల గదిలోనికి ఎక్కించు అలవాటుచే, దాని గుండు వెనుకకు నొక్కుకొనిపోయి, పక్కనున్న తూటాతో పోల్చి చూడగా కంటికి ఆనునంతగా పొట్టిదైయుండెను. అట్లు లోనికి దిగిన గుండు మందునకు చోటు తగ్గించి, పేలునపుడు ఒత్తిడిని హెచ్చించి, తుపాకికే అపాయము తెచ్చును. ఈ తుపాకితో ఎన్నడైన కాల్చితిరా యని అడిగితిని. లేదనెను. వాడిన ప్రతి తూటాకు లెక్క చెప్పవలెనను భయము. కాల్చుటకు చోటును లేదు. పత్తిపూల క్రాసింగు కాలమున కూలీలకు పంచవలసిన రొక్కముతో పొలములవెంట తిరుగు ఆ గృహస్థు, చిలుము పట్టిన తూటాలను, ఎన్నడును పేల్చని పిస్తోలును నమ్ముకొని, విదేశపు గుంటగుండ్లను గూర్చి నెలలతరబడి వాకబు చేయుచుండెను. ఆయనను నిందించుట నా ఉద్దేశము కాదు. ఆయన మంచివాడు, ఆయన భయమును నిజమైనదే. ఆయనకు తప్పుడు సిద్ధాంతమును బోధించినవారిమీదనే నా కోపము.

ప్రతిపక్షమున బలమైన యుక్తి యొకటి కలదు. దానిని విస్మరించుట న్యాయము కాదు. నున్నని గుండు ఒక దేహమును దాటిపోయి వెనుకనున్న నిరపరాధికి తగులవచ్చును. విచ్చుకొను గుండు ఆ దేహమునందే నిలుచును. కనుక జనసమ్మర్దమున విచ్చుకొనునదియే ధర్మమని వారందురు. న్యూయార్కు పోలీసులు 1998లో ఈ కారణము చెప్పియే ఆ గుండ్లకు మాఱిరి. శక్తివంతమైన 9 మిల్లీమీటర్ల తూటా విషయమున ఈ యుక్తి చెల్లును. కాని .32 గుండు దేహమును దాటినను అప్పటికి దాని శక్తి చాల భాగము ఖర్చయియుండును. గద్వాల సంతలో బాటసారికి దానికంటె ఘోరమైన అపాయము, ఎవనికిని తగులక పూర్తివేగముతో పోవు గుండువలన. భయముతో వణకు చేయి, ఎన్నడును అభ్యాసము చేయని చేయి, పేల్చిన గుండ్లలో గుఱి తప్పునవి ఎన్నియో! తప్పిన గుండునకు ముక్కున గుంటయున్నను లేకున్నను బాటసారికి భేదమేమి? అతనిమీద నిజముగా జాలిగలవాడు గుండును మార్చుకొనడు. చేతికి అభ్యాసమిచ్చును, జనము నడుమ పిస్తోలు తీయకుండుటను నేర్చుకొనును.

ఇక ‘ఏ దారినైనను తెప్పించుట’ యను మాట. లైసెన్సుపై ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చునో, ఒకసారి ఎన్ని దగ్గఱ ఉంచుకొనవచ్చునో వ్రాయబడియుండును. కొన్న ప్రతి తూటా దానిమీద ఎక్కును. ఆ లెక్కలోనికి రాని తూటా, అది ముంగేరు దొంగబజారునుండి వచ్చినను, పరదేశమునుండి బంధువు సంచిలో వచ్చినను, అక్రమమైన మందుగుండే. 1959 ఆయుధచట్టమునకు 2019లో వచ్చిన సవరణ అట్టి మందుగుండును దగ్గఱ ఉంచుకొనుటకు కనీసము రెండేండ్లు, అయిదేండ్లవఱకు కారాగారమును విధించినది. ప్రాణరక్షణకై లైసెన్సు పొందిన గౌరవనీయుడు, ఆ గుంటగుండు వలన ఏ రాత్రియైనను నేరస్థుడగుటకు సిద్ధపడుచున్నాడు. నిజముగా పేల్చవలసివచ్చిన దినమున న్యాయస్థానము చూచునది వేఱు. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 34వ సెక్షను మొదలు 44వ సెక్షను వఱకు ఆత్మరక్షణ హక్కును వివరించుచు, 37వ సెక్షనున, రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేయుటకు ఆ హక్కు పోదని స్పష్టముగా చెప్పుచున్నది. ప్రాణముపోవునను సహేతుకమైన భయమున్నచో ఎదుటివాని ప్రాణము తీయుటకును హక్కు కలదు. దోపిడిని అడ్డుటయందును కలదు. కాని సంచి లాగుకొని వెనుకకు తిరిగి పారిపోవుచున్న దొంగ వీపున కాల్చుటకు లేదు. పొలము గట్టున, ఒక క్షణములో, ఈ తారతమ్యమును గుర్తింపగల బుద్ధియే ఆ సమయమున కావలసిన మొదటి సాధనము. తూటా పెట్టెమీద ముద్రించిన ఏ అక్షరమును దానిని ఇయ్యజాలదు.

తుపాకి దగ్గఱనుండినంతమాత్రమున రక్షణ కలుగదనుటకు మన తెలుగునేలయే సాక్ష్యము. 2005 జనవరి 24న అనంతపురమున తెలుగుదేశము పార్టీ కార్యాలయములో శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర పట్టపగలు హతుడైనప్పుడు ఆయనచుట్టు సాయుధులైన అంగరక్షకులుండిరి. అదే సంవత్సరము ఆగస్టు 15న, మాకు పొరుగుననేయున్న నారాయణపేటలో, మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మఱి కొందఱు నక్సలైట్ల కాల్పులకు గుఱియై మరణించిరి. రెండు దినములకు ప్రభుత్వము మావోయిస్టు పార్టీని నిషేధించినది. ఆ రెండు చోట్లను లేనిది తూటాబలము కాదు. పథకము వేసికొని వచ్చినవాడు కాలమును స్థలమును తానెన్నుకొనును. ఎదుటివాడు ఆశ్చర్యమునుండి తేరుకొనునప్పటికే పని ముగియును. నడుమున .32 ఉన్నను .45 ఉన్నను ఆ లోటు పూడదు. నిజముగా పూడ్చదగినవి వేఱు: రొక్కమును బ్యాంకుద్వారా పంపుట, ఒకే వేళకు ఒకే దారిన పోకుండుట, ఒంటరిగా పోకుండుట. ఇవి మగతనమునకు తక్కువని తలచువారితో నేను వాదింపలేను.

ఈ భ్రమను ప్రభుత్వమే ఒకనాడు పోషించినది. 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచారపు ఘోరమునకు దేశమంతయు కంటతడి పెట్టుచుండగా, 2014 జనవరిలో కాన్పూరు కర్మాగారమునుండి ‘నిర్భీక్’ అను తేలికపాటి .32 రివాల్వరు స్త్రీలకొఱకని వెలువడినది. బరువు అర్ధకిలో, వెల సుమారు 1,22,000 రూపాయలు. లక్షకు పైబడిన ఆ వెలతో ఏ కూలిస్త్రీకి, ఏ విద్యార్థినికి రక్షణ? తేలికయైన తుపాకి చేతిని గట్టిగా కొట్టునను సంగతియైనను కొనువారికి ఎవరు చెప్పిరి? తేలికదనమును సుగుణముగా చాటినవారు, ఆ తేలికదనమును వశపఱచుకొనుటకు కావలసిన అభ్యాసమును గూర్చి అంతే గొంతుతో చాటియుండవలసినది.

కనుక చిన్న పిస్తోలు ధరింపకతప్పనివాడు ఎన్నుకొనవలసిన తూటా ఏది? ప్రభుత్వ కర్మాగారము చేసిన, లైసెన్సుపై లెక్క ఎక్కిన, నున్నని రాగిపొర గుండుగల మామూలు తూటాయే. దానినే క్రొత్తగా కొని, కొన్నవానిలో కొన్నిటిని తన పిస్తోలులోనే కాల్చి, ఒక్కటైనను మొరాయింపకుండ పోవుట చూచి, మిగిలినవానిని నింపుకొనవలెను. చెమటకు తడియు ఒరలో తోలునకు తూటా తగులనీయక, నెలకొకసారి తీసి తుడిచి చూచి, చిలుము పట్టినదానిని, గుండు లోనికి దిగినదానిని వేఱుచేసి డీలరునకు అప్పగింపవలెను. మాటిమాటికి ఒకే తూటాను గదిలోనికి ఎక్కించు అలవాటును మానవలెను. ఇందులో విదేశపు రహస్యమేదియు లేదు, అదనపు ఖర్చును లేదు.

మఱి అభ్యాసమునకు చోటెక్కడ? వాదులు కోరవలసినది ఇది. 2016 నాటి ఆయుధనియమములు క్రొత్తగా లైసెన్సు కోరువాడు తుపాకిని భద్రముగా వాడుటయందు శిక్షణ పొందవలెనని చెప్పినవి. కాని పాతకాలపు లైసెన్సుదారునకు, ఒకసారి శిక్షణ పొంది మఱచినవానికి, ఏ అభ్యాసమును లేదు. జిల్లా పోలీసులకు ఏటేటా కాల్పుల అభ్యాసము జరుగుచునే యున్నది. అదే విధముగా నియమిత దినములలో, రుసుము తీసికొని, అనుభవజ్ఞుడైన అధికారి సమక్షమున, లైసెన్సుదారులచే కాల్పింపవచ్చును. అక్కడనే కొన్న తూటాలను అక్కడనే కాల్చి, ఖాళీ గొట్టములను అక్కడనే అప్పగించి రావచ్చును. అట్లు వాడినవి వాని వార్షికపు లెక్కలో పడకుండ చూడవచ్చును. లెక్కకు జడిసి కాల్చక దాచుకొను తూటాలు చిలుము పట్టుటకుగాక మఱెందుకును పనికిరావు.

సామాన్యులకు కాల్పులు నేర్పుట అపాయకరమని కొందఱు అధికారులు శంకింపవచ్చును. తుపాకిని ఇచ్చి, నేర్పకుండుట అంతకంటె అపాయకరము; ఇచ్చిననాడే ఆ ప్రశ్నకు కాలము మించిపోయినది. అయిదేండ్లకొకసారి గద్వాల కలెక్టరు కార్యాలయమున లైసెన్సు పునరుద్ధరణకై దరఖాస్తు ఇచ్చు ప్రతివాడును, ఆ అయిదేండ్లలో తన తుపాకితో ఎన్ని తూటాలు, ఎక్కడ, ఎవరి యెదుట కాల్చెనో తెలుపు పత్రమును జతపఱచవలెనను నిబంధన రావలెను. చూపలేనివాని తుపాకి, చూపువఱకు పోలీసు స్టేషనులోనే ఉండవలెను. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల తుపాకులను స్టేషనులో జమచేసి, వారములతరబడి అవి లేకయే ధరూరు, గట్టు పొలములవెంట తమ పనులు చేసికొనుచున్న లైసెన్సుదారులకు ఇది భరింపరాని కష్టము కానేరదు.